చిన్నా పెద్దా గోళాల గుంపును లెక్కగట్టడం: హార్డ్ స్ఫియర్ మిశ్రమాలకు సమగ్ర మార్గదర్శి

వినాయక చవితి రోజుల్లో ఖైరతాబాద్ వెళ్లొచ్చినవాళ్లు "ఇసుకేస్తే రాలనంత జనం" అంటారు. ఆ మాటలో ఒక కొలత దాగి ఉంది. పైనుంచి ఇసుక రేణువు వేస్తే అది ఎవరికీ తగలకుండా నేల చేరే అవకాశం ఎంత? రేణువు బదులు నిమ్మకాయ వేస్తే? బత్తాయి వేస్తే? గుంపు చిక్కబడేకొద్దీ ఈ మూడు అవకాశాలూ తగ్గుతాయి, కానీ ఒకే వేగంతో తగ్గవు. హార్డ్ స్ఫియర్లు అంటే ఒకదాంట్లోకి ఒకటి దూరలేని గట్టి గోళాలు; అలాంటి గోళాల ద్రవాల సిద్ధాంతం మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఇంకొకరికి చోటెంత మిగిలింది?

హైదరాబాదులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలకు ప్రాజెక్టుల్లో సాయం చేస్తుంటాను. సూత్రం వాళ్లకు సులువుగానే దొరుకుతుంది. అందులో ఏ పదం ఎందుకొచ్చిందో తెలియకుండానే దాన్ని కంప్యూటర్‌కి ఎక్కించేస్తారు. జవాబు తప్పు వచ్చినప్పుడు అది తప్పని తెలుసుకునే దారి ఉండదు. అందుకే ఇక్కడ సూత్రం ఇచ్చే ముందు దాని పుట్టుక చెబుతాను, ఇచ్చాక దాన్ని పరీక్షించే పద్ధతులు చెబుతాను. డిగ్రీ స్థాయి థర్మోడైనమిక్స్, కొంచెం పైథాన్ వస్తే చాలు. మొదటిసారి కాగితం, పెన్ను, కాల్‌క్యులేటర్‌తోనే చేయండి.

మొదటి మెట్టు: ఆట నియమం ఒక్కటే

గోళాల మధ్య ఆకర్షణ లేదు, దూరం నుంచి తోసుకోవడమూ లేదు. తాకనంతవరకు శక్తి సున్న. ఒకదాంట్లోకి ఒకటి దూరాలంటే శక్తి అనంతం కావాలి, అంటే దూరలేవు. కాబట్టి ఏ అమరికకైనా, అది ఎంత సాధ్యమో చెప్పే బోల్ట్‌జ్‌మన్ గుణకం 1 లేదా 0. మధ్యలో ఇంకేమీ లేదు.

దీనివల్ల ఉష్ణోగ్రత లెక్కలోంచి దాదాపు తప్పుకుంటుంది. వేడి పెంచితే గోళాలు వేగంగా కదులుతాయి, పీడనం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, అమరిక మాత్రం మారదు. అందుకే పీడనాన్ని నేరుగా రాయకుండా, పీడనాన్ని సంఖ్యా సాంద్రతతోనూ (ప్రమాణ ఘనపరిమాణంలో ఉన్న గోళాల సంఖ్య) కేటీతోనూ (బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధం) భాగించి, వచ్చినదాన్ని జెడ్ అంటాం. ఆదర్శ వాయువుకి జెడ్ = 1. గోళాలకు చోటు ఇరుకయ్యేకొద్దీ అది 1 నుంచి పైకి పోతుంది. ఈ ద్రవంలో జరిగేదంతా ఎంట్రపీ వల్లే జరుగుతుంది.

"నిజమైన అణువులు ఇలా ఉండవు కదా" అని ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడుగుతారు. ఉండవు. కానీ చిక్కటి ద్రవంలో అణువుల అమరికను ఎక్కువగా నిర్ణయించేది అవి ఒకదాని చోటు ఒకటి ఆక్రమించలేకపోవడమే. ఆకర్షణను తర్వాత సవరణగా కలుపుకోవచ్చు. ప్రాసెస్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ద్రవాల, వాయువుల పీడనం, సాంద్రత లెక్కగట్టే పీసీ-సాఫ్ట్ అనే పద్ధతిని వాడిన కెమికల్ ఇంజనీర్లు, తెలిసినా తెలియకపోయినా, ఈ గోళాల సూత్రం మీదే నిలబడి పనిచేస్తున్నారు. 2001లో గ్రాస్, సడోవ్‌స్కీ ఆ పద్ధతిని కట్టినప్పుడు పునాదిగా పెట్టుకున్నది మనం నాలుగో మెట్టులో రాయబోయే సూత్రాన్నే. ఇక 1986లో పూసే, వాన్ మేగన్ ద్రవంలో తేలే సూక్ష్మమైన ప్లాస్టిక్ గోళాలతో ప్రయోగం చేసి, అవి అచ్చంగా హార్డ్ స్ఫియర్లలాగే గడ్డకడతాయని చూపించారు. కాబట్టి ఇది ఊహకే పరిమితమైన వస్తువు కాదు.

రెండో మెట్టు: ముందు ఒకే వరుసలో నిలబెట్టండి

మూడు కొలతల్లోకి దూకే ముందు ఒకే లేన్ ఉన్న రోడ్డును ఊహించండి. అందులో ఆటోలు, బస్సులు ఉన్నాయి. ఓవర్‌టేక్ లేదు. వాహనాలన్నిటి పొడవులూ కలిపి రోడ్డు పొడవులోంచి తీసేస్తే మిగిలేది ఖాళీ. ఆ ఖాళీలో ఈ వాహనాలు పొడవే లేని బిందువుల్లా తిరుగుతున్నాయని అనుకుంటే లెక్క అక్కడితో పూర్తవుతుంది. నిండిన భాగం 0.45 అయితే ఖాళీ 0.55, జెడ్ = 1/0.55. ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు, ఇది కచ్చితమైన జవాబు. టాంక్స్ 1936లో దీన్ని రాశాడు. ఆటోలు ఎన్ని, బస్సులు ఎన్ని అన్నది కూడా అనవసరం. మొత్తం పొడవు ఒక్కటి తెలిస్తే చాలు.

మూడు కొలతల్లో ఇంత సుఖం ఉండదు. ఒక గోళం కేంద్రం చుట్టూ ఒక పూర్తి వ్యాసం దూరం వరకు అలాంటి మరో గోళం కేంద్రం రాకూడదు. అంటే ఒక్కో గోళం తన ఘనపరిమాణానికి 8 రెట్లు నిషేధిత ప్రాంతం గీసుకుంటుంది. జంటలో ఇద్దరికీ పంచితే తలా 4. అందుకే ఒకే రకం గోళాల జెడ్‌ను నిండిన భాగపు ఘాతాల్లో విస్తరిస్తే 1 తర్వాత మొదటి గుణకం 4. తర్వాతవి 10, 18.365, 28.224, 39.82 ఇలా వస్తాయి. నిషేధిత ప్రాంతాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి కాబట్టి ఈ గుణకాలను లెక్కించడం రానురాను దుర్భరం అవుతుంది.

కార్నహాన్, స్టార్లింగ్ 1969లో చేసిన పని నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. ఆ సంఖ్యలకు పక్కనే ఉన్న పూర్ణసంఖ్యలు చూశారు: 4, 10, 18, 28, 40. ఎన్నో పదమైతే ఆ సంఖ్య వర్గానికి దాని మూడింతలు కలిపితే ఇవే వస్తాయి. 1కి 1+3, 2కి 4+6, 3కి 9+9. ఆ వరుస అనంతం వరకు అలాగే సాగుతుందనుకుని మొత్తం కూడారు. నిండిన భాగాన్ని న అనుకుంటే:

జెడ్ = (1 + న + న² − న³) / (1 − న)³

కంప్యూటర్ ప్రయోగాలతో పోలిస్తే ఇది ద్రవస్థితి అంతటా చక్కగా సరిపోయింది. మిశ్రమానికి మనం వాడేది దీనికి అన్నలాంటిది.

మూడో మెట్టు: నాలుగు సంఖ్యలు

ఇక్కడ నెమ్మదిగా నడవండి. ఈ మెట్టు అర్థమైతే మిగతాది కూడికలూ హెచ్చవేతలే.

పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణంలో ఒక డబ్బా ఊహించండి. అందులో పెద్ద ముత్యాలూ చిన్న ముత్యాలూ కలిసి ఉన్నాయి. ఒక పెద్దదాని దగ్గరికి ఒక చిన్నది ఎంతవరకు రాగలదు? రెండు వ్యాసాల మొత్తంలో సగం దూరం వరకు. కాబట్టి నిషేధిత ప్రాంతం ఆ రెండు వ్యాసాల మొత్తం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. తొమ్మిదో తరగతిలో నేర్చుకున్న (అ + ఆ)³ సూత్రాన్ని గుర్తు చేసుకోండి: అ³ + 3అ²ఆ + 3అఆ² + ఆ³. ప్రతి పదం ఎలా ఉందో గమనించండి. ఒకరి ఘనపరిమాణం ఇంకొకరి ఉనికితో, ఒకరి ఉపరితలం ఇంకొకరి వ్యాసంతో గుణించుకుంటున్నాయి. కాబట్టి మొత్తం డబ్బా గురించి నాలుగు సంగతులు తెలిస్తే చాలు: ఎన్ని ఉన్నాయి, వ్యాసాల మొత్తం ఎంత, వ్యాసవర్గాల మొత్తం ఎంత, వ్యాసఘనాల మొత్తం ఎంత.

వీటిని స₀, స₁, స₂, స₃ అందాం. ప్రతిదాన్నీ ఇలా కట్టాలి: ఒక్కో రకం గోళాల సంఖ్యా సాంద్రతను, వాటి వ్యాసపు సున్నా, ఒకటో, రెండో, మూడో ఘాతంతో గుణించి, అన్ని రకాలకూ కూడి, చివర పై/6తో, అంటే 0.5236తో, గుణించాలి. స₃ అంటే గోళాలు నింపిన భాగమే. 1 − స₃ని ఖ అందాం, ఖాళీకి గుర్తుగా.

రెండు రకాలున్నా రెండు వేల రకాలున్నా ఈ సంఖ్యలు నాలుగే. అందుకే ఒక్కో గోళం ఒక్కో సైజులో ఉండే నిజమైన కొల్లాయిడ్లకు (ద్రవంలో తేలే సూక్ష్మ రేణువుల మిశ్రమాలకు) కూడా ఈ పద్ధతి పనికొస్తుంది.

ఒక హెచ్చరిక, నా అనుభవం నుంచి. మొదటిసారి ఈ ప్రోగ్రాం రాసినప్పుడు ఒక చోట వ్యాసం వాడాను, ఇంకో చోట వ్యాసార్థం వాడాను. స₃ సరిగ్గానే వచ్చింది, స₂ నాలుగో వంతే వచ్చింది. జవాబు చూడటానికి నమ్మదగ్గట్టే ఉంది. రెండు వారాలు సిమ్యులేషన్‌లో తప్పు వెతుక్కున్నాను. కాబట్టి మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా వ్యాసాలే వాడండి.

నాలుగో మెట్టు: సూత్రం, ఒక ఉదాహరణ

పెర్కస్, యెవిక్ 1958లో, ద్రవంలో గోళాల జంటలు ఏ దూరంలో ఎంతగా ఉంటాయో ఉజ్జాయింపుగా చెప్పేందుకు ఇచ్చిన సమీకరణాన్ని ఒకే సైజు గోళాలకు వెర్ట్‌హైమ్, థీలే 1963లో విడివిడిగా సాధించారు. మరుసటి ఏడాదే లెబోవిట్జ్ మిశ్రమానికి సాధించాడు. ఆ సాధన నుంచి పీడనం తీయడానికి రెండు దారులున్నాయి. ఒకటి సంపీడ్యత (నొక్కితే ద్రవం ఎంత కుదించుకుంటుందో చెప్పే కొలత) మీదుగా, రెండోది గోళాలు తాకే చోట సాంద్రత మీదుగా. ఉజ్జాయింపు సిద్ధాంతం కావడంతో రెండు దారులూ వేర్వేరు జవాబులిస్తాయి. మొదటిది కొంచెం ఎక్కువ చెబుతుంది, రెండోది తక్కువ చెబుతుంది. మొదటిదాంట్లో మూడింట రెండు వంతులు, రెండోదాంట్లో ఒక వంతు తీసుకుని కలిపితే ఒకే రకం గోళాలకు కార్నహాన్–స్టార్లింగ్ సూత్రమే వస్తుంది. అదే పాళ్లలో మిశ్రమానికి కలిపినవాళ్లు 1970లో బుబ్లిక్, 1971లో మన్సూరి, కార్నహాన్, స్టార్లింగ్, లీలాండ్. పేర్ల మొదటి అక్షరాలు కలిపి దీన్ని బీఎంసీఎస్ఎల్ అంటారు:

జెడ్ = 1/ఖ + 3·స₁·స₂/(స₀·ఖ²) + (3 − స₃)·స₂³/(స₀·ఖ³)

మొదటి పదం మన ఒకే లేన్ రోడ్డే. రెండోది వ్యాసం, ఉపరితలం గుణించుకునే పదం. మూడోది గుంపు చిక్కబడినప్పుడు పెరిగేది.

ఇప్పుడు లెక్క. వ్యాసం 2 ఉన్న పెద్దవి, వ్యాసం 1 ఉన్న చిన్నవి సమాన సంఖ్యలో తీసుకోండి. సగటు వ్యాసం 1.5, సగటు వర్గం 2.5, సగటు ఘనం 4.5. నిండిన భాగం 0.45 కావాలంటే స₀ = 0.1 ఉండాలి. అప్పుడు స₁ = 0.15, స₂ = 0.25, స₃ = 0.45, ఖ = 0.55. పెద్దవి 0.40 ఆక్రమించాయి, చిన్నవి 0.05 మాత్రమే.

మొదటి పదం 1.818. రెండోది 3.719. మూడోది 2.395. మొత్తం జెడ్ = 7.932.

అన్నీ ఒకే సైజు గోళాలై, అదే 0.45 నిండి ఉంటే కార్నహాన్–స్టార్లింగ్ సూత్రం 9.385 ఇస్తుంది. నిండిన భాగం ఒకటే అయినా సైజులు కలిపితే జెడ్ దాదాపు ఒకటిన్నర తగ్గింది. ఇల్లు కట్టించినవాళ్లకు ఈ సంగతి తెలుసు. 20 ఎంఎం కంకర ఒక్కటే పోస్తే సందులు మిగులుతాయి, ఇసుక కలిపితే ఆ సందుల్లోకి సర్దుకుంటుంది. అలా సర్దుకునే వీలున్న ద్రవం తక్కువ బిగువుగా ఉంటుంది.

రెండు దారులనూ విడిగా వేస్తే సంపీడ్యత దారి 8.355 చెబుతుంది, తాకే దారి 7.087 చెబుతుంది. రెంటి మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు ఏ ఒక్కదాన్నీ పట్టుకుని వేలాడకూడదు.

ఐదో మెట్టు: ప్రోగ్రాం మీద మూడు పరీక్షలు

రెండు రకాలకూ ఒకే వ్యాసం ఇవ్వండి. కార్నహాన్–స్టార్లింగ్ జవాబు దశాంశాల చివరిదాకా రావాలి. రాకపోతే ముందుకు వెళ్లకండి.

తర్వాత సాంద్రతను బాగా తగ్గించండి. జెడ్ నుంచి 1 తీసేసి స₀తో భాగిస్తే మన ఉదాహరణ వ్యాసాలకు 15.75 వైపు చేరాలి. ఇది చేత్తో సరిచూడొచ్చు: సగటు ఘనం 4.5, దానికి 3 × 1.5 × 2.5 = 11.25 కలిపితే 15.75. జంటల నిషేధిత ప్రాంతం నుంచి నేరుగా వచ్చే విలువ ఇదే, ఉజ్జాయింపు ఏమీ లేదు.

మూడోది నాకు బాగా ఇష్టమైన పరీక్ష. చిన్నవాటి వ్యాసాన్ని సున్నకు తీసుకెళ్లండి. అవి బిందువులైపోతాయి. బిందువులు పెద్దవాటి మధ్య ఖాళీలో ఆదర్శ వాయువులా తిరగాలి. అంటే మొత్తం పీడనం పెద్దవాటి పీడనానికి, చిన్నవాటి ఆదర్శ పీడనాన్ని ఖతో భాగించి కలిపినంత కావాలి. సూత్రం ఈ పరీక్షలో కచ్చితంగా గెలుస్తుంది. స₁, స₂, స₃లో బిందువుల వాటా ఉండదు, స₀లో మాత్రమే ఉంటుంది కాబట్టి. కాగితం మీద ఒకసారి చేసి చూడండి, ఐదు నిమిషాల పని.

ఆరో మెట్టు: తాకే చోట ఏం జరుగుతోంది

ఒక గోళాన్ని తాకుతూ ఇంకో గోళం ఉండే అవకాశం, గుంపు సగటు సాంద్రతతో పోలిస్తే ఎన్ని రెట్లు? దీన్ని కాంటాక్ట్ వాల్యూ అంటారు. జంటలో వ్యాసాల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించి వచ్చినదాన్ని ద అందాం. అప్పుడు:

కాంటాక్ట్ వాల్యూ = 1/ఖ + 3·స₂·ద/ఖ² + 2·స₂²·ద²/ఖ³

మన ఉదాహరణలో పెద్ద–పెద్ద జంటకు ద = 1, విలువ 5.049. పెద్ద–చిన్న జంటకు ద = 2/3, విలువ 3.805. చిన్న–చిన్న జంటకు ద = 1/2, విలువ 3.246. పెద్దవి ఒకదానికొకటి ఎక్కువగా అతుక్కుని ఉంటున్నాయి. వాటి మధ్య ఆకర్షణ లేదని మొదటే చెప్పుకున్నాం. రెండు పెద్దవి దగ్గరైతే వాటి నిషేధిత ప్రాంతాలు ఒకదాని మీద ఒకటి పడి, మిగతావాటికి తిరిగే చోటు పెరుగుతుంది. ఆ చోటు కోసం మిగతా గుంపే వాటిని దగ్గరికి నెడుతుంది. అసకురా, ఊసావా 1954లో చెప్పిన డిప్లీషన్ బలం ఇదే.

ఈ మూడు విలువల నుంచి జెడ్‌ను మళ్లీ కట్టొచ్చు. ప్రతి జంటకూ రెండు వ్యాసాల సగటు తీసి, దాన్ని ఘనం చేసి, కాంటాక్ట్ వాల్యూతో, రెండు రకాల సంఖ్యా భాగాలతో గుణించి కూడండి. పెద్ద–చిన్న జంట రెండుసార్లు వస్తుందని మరచిపోవద్దు. 10.098 + 6.421 + 0.811 = 17.330. దీన్ని 4·స₀, అంటే 0.4తో గుణించి 1 కలిపితే 7.932. నాలుగో మెట్టు జవాబే. మీ ప్రోగ్రాంలో ఈ రెండూ కలవకపోతే కాంటాక్ట్ వాల్యూ వరుసలో తప్పుంది.

వేడి ప్రసరణ, స్నిగ్ధత వైపు వెళ్లేవాళ్లకు ఎన్‌స్కాగ్ సిద్ధాంతంలో ఈ విలువలే కావాలి.

ఏడో మెట్టు: ఇసుకేస్తే రాలుతుందా

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ద్రవంలో యాదృచ్ఛికంగా ఒక చోటు ఎంచుకుని అక్కడ కొత్త గోళం పెట్టబోతే, దేనికీ తగలకుండా పట్టే అవకాశం ఎంత? విడమ్ 1963లో చూపించినట్టు, ఆ అవకాశపు లాగరిథమ్‌కు మైనస్ పెడితే వచ్చేదే కేటీ కొలతలో అదనపు కెమికల్ పొటెన్షియల్, అంటే ఇంకో గోళాన్ని చేర్చడానికి ఆదర్శ వాయువు కంటే ఎక్కువగా అయ్యే ఖర్చు. సంపీడ్యత దారిలో వ్యాసం డ ఉన్న గోళానికి అది ఇలా ఉంటుంది:

−లాగ్(ఖ) + 3·స₂·డ/ఖ + [3·స₁/ఖ + 9·స₂²/(2·ఖ²)]·డ² + స₀·జెడ్·డ³

లాగ్ అంటే సహజ లాగరిథమ్. జెడ్‌కు ఇక్కడ సంపీడ్యత దారి విలువ 8.355 వాడాలి. 1959లో రైస్, ఫ్రిష్, లెబోవిట్జ్ స్కేల్డ్ పార్టికల్ సిద్ధాంతం అనే వేరే ఆలోచనతో బయల్దేరి ఇలాంటి సూత్రానికే చేరారు. బిందువుతో మొదలుపెట్టి గోళాన్ని మెల్లగా ఉబ్బించి, ఒక్కో దశలో ఎంత పని చేయాలో లెక్కించడం వాళ్ల పద్ధతి. చివరి పదం చూడండి: అది పీడనాన్ని ఘనపరిమాణంతో గుణించిందే. ఫుట్‌బాల్ అంత గోళాన్ని దూర్చాలంటే ద్రవాన్ని మొత్తంగా పక్కకు నెట్టాలి కదా.

మన ఉదాహరణకు వేయండి. వ్యాసం లేని ఇసుక రేణువుకి నూటికి 55 సార్లు చోటు దొరుకుతుంది. వ్యాసం 1 ఉన్న చిన్న గోళానికి పొటెన్షియల్ 4.545, అంటే సుమారు 94 ప్రయత్నాల్లో ఒకసారి. వ్యాసం 2 ఉన్న పెద్దదానికి 17.0, అంటే దాదాపు 2.4 కోట్ల ప్రయత్నాల్లో ఒకసారి. వ్యాసం రెట్టింపైతే అవకాశం రెండు లక్షల రెట్లకు పైగా పడిపోయింది. సిమ్యులేషన్‌లో విడమ్ పద్ధతితో పెద్ద గోళాల పొటెన్షియల్ కొలవబోయి నిరాశపడే విద్యార్థులకు కారణం ఈ సంఖ్యలోనే ఉంది. చిన్నవాటిని దూర్చి కొలవండి. పెద్దదాన్ని ఒక్కసారిగా కాకుండా, చిన్న వ్యాసం నుంచి దశలవారీగా పెంచుతూ కొలవండి.

బీఎంసీఎస్ఎల్ దారిలో గోళం ఒక్కింటికి అదనపు ఫ్రీ ఎనర్జీ, కేటీ కొలతలో, ఇలా వస్తుంది:

[(స₂³/స₃² − స₀)·లాగ్(ఖ) + 3·స₁·స₂/ఖ + స₂³/(స₃·ఖ²)] / స₀

ఉదాహరణకు జవాబు 3.330. ఒకే సైజు గోళాలకు అదే 0.45 దగ్గర 3.942. దీన్ని ఒక్కో రకం సాంద్రతతో అవకలనం చేస్తే బీఎంసీఎస్ఎల్ కెమికల్ పొటెన్షియళ్లు వస్తాయి. చేత్తో చేస్తే పొరపాట్లు దొర్లుతాయి. కంప్యూటర్‌లో సాంద్రతను కొంచెం అటూ ఇటూ కదిపి తేడా తీసి సరిచూసుకోండి.

ఎనిమిదో మెట్టు: సిమ్యులేషన్‌తో తూచడం

సిద్ధాంతాన్ని నమ్మే ముందు మాంటే కార్లోతో, అంటే గోళాలను యాదృచ్ఛికంగా కదుపుతూ చేసే కంప్యూటర్ ప్రయోగంతో, తూచాలి. ఈ గోళాలతో ఆ సంప్రదాయం 1957 నాటిది. ఆల్డర్, వైన్‌రైట్ మాలిక్యులర్ డైనమిక్స్‌తో (గోళాల కదలికనే లెక్కగట్టే పద్ధతి), వుడ్, జేకబ్‌సన్ మాంటే కార్లోతో ఆ ఏడాదే ఫలితాలు ఇచ్చారు. అప్పట్లో పెద్ద ప్రయోగశాలల్లోనే సాధ్యమైన లెక్క ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో ఓ మధ్యాహ్నంలో అయిపోతుంది.

వెయ్యి గోళాలు తీసుకోండి, ఐదు వందలు పెద్దవి, ఐదు వందలు చిన్నవి. నిండిన భాగం 0.45 కావాలంటే పెట్టె భుజం సుమారు 17.36. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. గోళాలను ఒక్కొక్కటిగా యాదృచ్ఛికంగా పడేస్తూ పోతే ఇంత చిక్కదనం దాకా చేరలేరు. ఒకే సైజు గోళాలకైతే 0.38 దగ్గరే దారి మూసుకుపోతుంది. దానికో సులువు ఉంది. పెట్టెను 10 × 10 × 10 గళ్లుగా కోసి, చదరంగం బల్లలా పెద్దది, చిన్నది మార్చి మార్చి పెట్టండి. ఉప్పు స్ఫటికంలో సోడియం, క్లోరిన్ ఉండే వరుస ఇదే. పక్క గళ్ల దూరం 1.736, పెద్ద–చిన్న తాకడానికి 1.5 చాలు, తగలదు. పెద్ద–పెద్ద దూరం 2.456, తాకడానికి 2, అదీ తగలదు. ఒక్క తాకిడి కూడా లేకుండా మొదలుపెట్టొచ్చు.

తర్వాత ఒక్కో గోళాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని కొంచెం కదపండి. దేనికైనా తగిలితే వెనక్కి పెట్టేయండి, తగలకపోతే కొత్త చోటే ఉంచండి. పెట్టె ఒక గోడ దాటినది ఎదుటి గోడ నుంచి లోపలికి రావాలి, దూరాలు కొలిచేటప్పుడు దగ్గరి ప్రతిబింబాన్నే చూడాలి. కదలికలు మూడింట ఒకటి నుంచి సగం వరకు సఫలమయ్యేలా అడుగు పొడవు పెట్టుకోండి. అప్పుడప్పుడు ఒక పెద్దదాన్నీ ఒక చిన్నదాన్నీ చోటు మార్చి చూడండి, మిశ్రమం త్వరగా కలుస్తుంది.

మొదట పెట్టిన ఉప్పు వరుస పూర్తిగా చెదిరిందని తేలేవరకు కొలతలు మొదలుపెట్టొద్దు. జంట దూరాల పటంలో గళ్ల దూరాల దగ్గర పదునైన శిఖరాలు పోయి, నునుపైన అలలు రావాలి. ఆ తర్వాత మూడు జంటలకూ దూరాల పటాలు కట్టి, తాకే దూరానికి పొడిగించి కాంటాక్ట్ వాల్యూలు చదవండి. తాకే దూరం దగ్గర పటం నిటారుగా పడుతుంది. పటంలో ఒక్కో గడి వెడల్పు 0.02 కంటే ఎక్కువ ఉంటే విలువ తక్కువగా వస్తుంది. అక్కడ సరళరేఖ గీయకుండా వక్రరేఖ అమర్చండి. మొత్తం పరుగును పది ముక్కలు చేసి, ముక్కల మధ్య తేడా నుంచి లోపం అంచనా వేయండి. లోపం రాయని సంఖ్యతో సిద్ధాంతాన్ని తూచలేం.

తొమ్మిదో మెట్టు: ఎక్కడ ఆగాలి

ఒకే సైజు గోళాలు 0.494 దగ్గర గడ్డకట్టడం మొదలుపెడతాయి, 0.545కి పూర్తిగా స్ఫటికమవుతాయి. మన సూత్రాలకు ఆ సంగతి తెలియదు. స్ఫటికం అత్యంత బిగువుగా పేర్చినా 0.7405 దాటదని తెలిసినా, ఇవి 1 దాకా నిర్మొహమాటంగా విలువలిస్తూనే పోతాయి. కాబట్టి 0.5 దాటిన జవాబును ద్రవం జవాబుగా రాసే ముందు ఆలోచించండి.

వ్యాసాల తేడా మరీ ఎక్కువైతే ఇంకో సమస్య వస్తుంది. పెద్దది చిన్నదానికి పదింతలు ఉంటే డిప్లీషన్ బలం చాలా పదునుగా ఉంటుంది, బీఎంసీఎస్ఎల్ పెద్ద–పెద్ద కాంటాక్ట్ వాల్యూని తక్కువగా చెబుతుంది. నూనె, నీళ్లలా రెండూ రెండు ద్రవాలుగా విడిపోతాయా? పెర్కస్–యెవిక్ సిద్ధాంతం ప్రకారం ఎప్పుడూ విడిపోవని 1964లో లెబోవిట్జ్, రౌలిన్సన్ చూపించారు. బీఎంసీఎస్ఎల్ కూడా అదే చెబుతుంది. 1991లో బిబెన్, హాన్సెన్ ఇంకా మెరుగైన సమీకరణంతో విడిపోవచ్చని వాదించారు. 1990ల చివర్లో డైక్‌స్ట్రా, వాన్ రాయ్, ఇవాన్స్ సిమ్యులేషన్లు చేసి, రెండు ద్రవాలుగా విడిపోవడానికంటే ముందే పెద్ద గోళాలు గడ్డకడతాయని తేల్చారు. ఈ విషయంలో నా మాట ఒకటే: వ్యాసాల నిష్పత్తి 3 దాటితే సిమ్యులేషన్ లేకుండా ఏ నిర్ణయమూ రాయొద్దు.

గోడ పక్కనో సన్నటి రంధ్రంలోనో ద్రవం ఉంటే సాంద్రత చోటు చోటుకీ మారుతుంది. అప్పుడు రోజెన్‌ఫెల్డ్ 1989లో ఇచ్చిన ఫండమెంటల్ మెజర్ సిద్ధాంతం కావాలి. మూడో మెట్టు బాగా అర్థమైనవాళ్లకు అది కొత్తగా అనిపించదు. మన నాలుగు సంఖ్యలనే ఒక్కో చోట విడిగా కొలిచి, దిశ కూడా చేర్చడమే దాని మూలం. దాన్ని బీఎంసీఎస్ఎల్‌తో పొసిగేలా 2002లో సవరించారు. ఆ సవరణ పేరు వైట్ బేర్.

మీ ప్రోగ్రాం సిద్ధమయ్యాక ఒక లెక్క చేయండి. అవే వ్యాసాలు 2, 1. ఈసారి ఒక్కో పెద్దదానికి ఎనిమిది చిన్నవి పెట్టండి, రెండు రకాలూ సమానమైన ఘనపరిమాణం ఆక్రమిస్తాయి. నిండిన భాగం 0.45నే ఉంచండి. స₀ = 0.253125, స₁ = 0.28125, స₂ = 0.3375 వస్తాయి. జెడ్ 7.865 రావాలి. రెండో పదం ముందటి ఉదాహరణలో లాగే మళ్లీ 3.719 వస్తుంది. తప్పు చేశామేమో అని టెన్షన్ పడకండి. పెద్దవాటి పాలు సున్న నుంచి ఒకటికి పెరిగేకొద్దీ ఆ పదం కిందికి దిగి మళ్లీ పైకొస్తుంది. తొమ్మిదో వంతు దగ్గర దిగేటప్పుడు తాకిన విలువనే సగం దగ్గర ఎక్కేటప్పుడు మళ్లీ తాకుతుంది. జెడ్ దాదాపు అంతే ఉన్నా, గోళాల సంఖ్య రెండున్నర రెట్లు పెరిగింది కాబట్టి పెట్టె గోడ మీద పీడనం కూడా దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది.